రక్షణ వరుసకు కొత్త ఆటగాళ్లను తీసుకునే ముందు

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి ఊళ్లలో ఫుట్‌బాల్ క్లబ్బు నడిపే మనం సీజను ముగియగానే ఏ డిఫెండర్ ఖాళీగా ఉన్నాడో ఆరా తీయడం మొదలుపెడతాం. అంతకన్నా ముందు, గడిచిన సీజనులో మనపై పడిన ప్రతి గోల్‌నూ ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. బంతి ఏ వైపు నుంచి వచ్చింది, అది కార్నర్‌లో తలతో కొట్టినదా, స్టాపర్ (రక్షణ మధ్యలో నిలిచే డిఫెండర్) వెనుక ఖాళీలోకి పరుగెత్తి కొట్టినదా, ఆ క్షణంలో మన నలుగురు డిఫెండర్లూ ఎక్కడ నిలబడి ఉన్నారు అన్నవి అందులో ఉండాలి. మా క్లబ్బులో ఒక ఏడాది ఈ లెక్క చూడకుండానే ఆరడుగుల స్టాపర్‌ను తెచ్చుకున్నాం. గోల్స్ పడడం ఆగలేదు. తర్వాత కూర్చుని చూస్తే వాటిలో ఎక్కువ భాగం మా ఎడమ వైపు నుంచి వచ్చినవే. అక్కడ కుడికాలి ఆటగాడిని సర్దుబాటుగా ఆడిస్తున్నాం.

ఒక్క మనిషి వస్తే రక్షణ మారిపోతుందన్న నమ్మకానికి చాలామంది ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌ను ఉదాహరణగా చెబుతారు. 2018 జనవరిలో ఆ క్లబ్బు స్టాపర్ వర్జిల్ వాన్ డైక్‌ను 7.5 కోట్ల పౌండ్లకు తీసుకున్నది, 2017-18 లీగ్ సీజనులో 38 గోల్స్ ఇచ్చుకున్న జట్టు మరుసటి సీజనులో 22 మాత్రమే ఇచ్చింది అన్నవి నిజమే. అయితే ఆ మధ్యలో అలిసన్ అనే మంచి కీపర్ కూడా వచ్చాడు, ఎడమ వైపున ఆండ్రూ రాబర్ట్‌సన్ కుదురుకున్నాడు. మన వంటి క్లబ్బులకు పనికివచ్చే పాఠం నా దృష్టిలో రాబర్ట్‌సన్‌దే. 2017లో అతణ్ని కొన్నది కింది డివిజన్‌కు జారిపోయిన హల్ సిటీ నుంచి. ఓడిపోయే జట్టులో డిఫెండర్‌కు పని ఎక్కువ పడుతుంది కనుక అతని సత్తా అక్కడే బాగా తెలుస్తుంది. మన జిల్లా టోర్నమెంట్లలో కూడా మొదటి రౌండులోనే ఇంటికి వెళ్లిన జట్లను ఒకసారి గమనించి రావడం మంచిది.

చూడడానికి వెళ్లినప్పుడు బంతి వెంట కళ్లు పోనివ్వకూడదు. బంతి అవతలి వైపున ఉన్నప్పుడు అతను మెడ తిప్పి తన వెనుక ఎవరున్నారో చూసుకుంటున్నాడా? తన పొరపాటు వల్ల గోల్ పడ్డాక వచ్చే పది నిమిషాలు ఎలా ఆడుతున్నాడు? కాలితో ఆడే నేర్పు కూడా చూడాలి. 1992 నుంచి సహచరుడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోకూడదు, 2019 నుంచి గోల్ కిక్‌ను పెనాల్టీ ప్రాంతంలోపలే అందుకోవచ్చు. కాబట్టి బంతిని దూరంగా తన్నేయడం ఒక్కటే తెలిసిన స్టాపర్‌తో ఇప్పుడు నెట్టుకురావడం కష్టం.

కాగితాల పని బదిలీల విండో (ఆటగాళ్లు క్లబ్బు మారడానికి ఇచ్చే గడువు) తెరిచి ఉండగానే ముగించాలి. పాత క్లబ్బుతో ఒప్పందం ఎంతకాలం ఉందో ముందే అడగాలి. ఫిఫా నియమాల ప్రకారం ప్రొఫెషనల్ ఆటగాడితో ఇంకో క్లబ్బు నేరుగా ఒప్పందం చేసుకోవాలంటే అతని గడువు ముగిసి ఉండాలి, లేదా ఆరు నెలల లోపు ముగియాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) వారి ఆటగాళ్ల నమోదు వ్యవస్థ సీఆర్‌ఎస్‌లో పేరు నమోదయ్యేదాకా అతణ్ని లీగులో దింపవద్దు.

మనలాంటి ఆంధ్ర-ఒడిశా సరిహద్దు క్లబ్బులకు ఇంకొక జాగ్రత్త అవసరం, దీని విలువ మేము నష్టపోయి తెలుసుకున్నాం. పాతపట్నం వైపు నుంచి వచ్చిన మా స్టాపర్, రైట్ బ్యాక్‌ను (కుడి వైపు డిఫెండర్‌ను) వరుస దాటనీయకుండా "ఆగు, ఆగు" అని అరిచాడు. ఆ రైట్ బ్యాక్ ఇంట్లో ఒడియా మాట్లాడేవాడు. ఒడియాలో "ఆగకు" అంటే ముందుకు అని అర్థం. ఆ గోలలో అతనికి అదే వినిపించింది, బంతి ఉన్నవాడి మీదికి దూసుకుపోయాడు, అతను వదిలిన ఖాళీలోంచే గోల్ పడింది. వాళ్లిద్దరినీ తప్పుపట్టలేం, పక్కపక్కన నిలబెట్టే ముందు మాటలు కుదర్చవలసింది మేమే.

అప్పటినుంచి తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలందరికీ మూడే మాటలు పెట్టాం: వరుసలో నిలవడానికి "లైన్", పైకి జరగడానికి "అవుట్", వెనక్కి రావడానికి "బ్యాక్". కొత్తవాడు చేరిన రోజు నుంచి నలుగురు డిఫెండర్లనూ కీపర్‌నూ కలిపి, మొదటి వారం బంతి లేకుండానే, ఈ మూడు పిలుపులకు కదలడం సాధన చేయిస్తున్నాం. పిలిచే బాధ్యత కీపర్‌ది; అతని గొంతు మైదానం ఆ చివరిదాకా వినిపిస్తుందో లేదో నేను సెంటర్ లైను దగ్గర నిలబడి వింటాను.