పెదవాల్తేరు డాబా మీద గబ్బిలం పువ్వు

"ఏటమ్మా ఈ మీసాల పువ్వు? దేవుడికి పెట్టలేం, తల్లో పెట్టుకోలేం" అన్నారు మా అత్తయ్య గారు మొదటిసారి చూసి. నిజమే. ఈ గబ్బిలం పువ్వు మొక్క (శాస్త్రీయ నామం టక్కా చాంట్రియేరి) పూత నల్లగా ఉంటుంది. గబ్బిలం రెక్కల్లా కనిపించేవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పూలు వాటి కింద చిన్న గుత్తిగా ఉంటాయి. చుట్టూ అడుగు పొడవు దాకా మీసాలు వేలాడతాయి.

ఆగ్నేయాసియా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే దుంప మొక్క ఇది. చలిదేశాల వాళ్లు గాజు ఇంట్లో హీటర్ పెట్టి పెంచుతారు. విశాఖలో జనవరి రాత్రయినా ఆ బాధ లేదు. (అరకులో ఉన్న మా చెల్లికి మాత్రం పిలక ఇవ్వలేదు, అక్కడి చలికి బతకదు.) మనకు అసలు శత్రువు సముద్రపు గాలి. పల్చటి పెద్ద ఆకులు కదా, రెండు రోజుల్లో అంచులు మాడిపోతాయి.

ఆ గాలికి భయపడే మొదటి ఏడాది చుట్టూ పాలిథిన్ కట్టేశాను. మే నెలలో రెండు మొక్కలు ఉడికిపోయాయి. ఇప్పుడు పైన 75 శాతం షేడ్ నెట్ రెండు పొరలు, సముద్రం వైపు మాత్రమే పాలిథిన్. కింద ఇసుక పరిచి, ఎండాకాలం రెండు పూటలా తడుపుతాను. గాలిలో తేమ నిలవాలి, కానీ ఉక్క పట్టకూడదు.

కుండీలో మట్టి వేయకండి. రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు కొబ్బరి డొక్క ముక్కలు (హస్క్ చిప్స్), ఒక పాలు బొగ్గు ముక్కలు, ఒక పాలు ఆకుల ఎరువు. బొగ్గు మా వీధి ఇస్త్రీ బండి అతనే ఇస్తాడు. పొట్టులో ఉప్పుంటుంది, నీళ్లు తేటపడేదాకా నాలుగైదుసార్లు కడగాలి. దుంప మీద పల్చగా కప్పితే చాలు, మొలక బయటికి కనబడాలి. లోతుగా పెడితే కుళ్లుతుంది.

మా బోరు నీళ్లు ఉప్పన. అందుకని ఏసీ నుంచి కారే నీళ్లు, వాన నీళ్లు పడతాను. వాటిలో పోషకాలుండవు కాబట్టి పెరిగే కాలంలో పదిహేను రోజులకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది), లీటరుకు ఒక గ్రాము. చలికాలం వేలు పెట్టి చూసి, పైపొర ఆరితేనే నీళ్లు.

వానాకాలం రాత్రిపూట టార్చి పట్టుకుని నత్తల్ని ఏరాలి. లేత పూమొగ్గంటే వాటికి ప్రాణం.

గింజలు మొలవడానికి నెలలు పడతాయి, నాకంత ఓపిక లేదు. కడియపులంక నర్సరీ నుంచి తెచ్చిన మొక్క రెండో వానాకాలానికి పూసింది. మార్చిలో దుంప విడదీసి, కోసినచోట బొగ్గుపొడి అద్ది పిలకలు నాటుతాను.

తుపాను హెచ్చరిక రాగానే కుండీలు మెట్ల కిందికి చేర్చాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా పాత రేకుల షెడ్డు ఎగిరి పక్కింటి వాళ్ల పెరట్లో పడింది. అప్పటినుంచి నెట్‌కు తీగ చుట్టను. నైలాన్ తాడుతో జారుముడి వేస్తాను, తుపాను ముందు ఒక్క లాగుకి ఊడివస్తుంది.