గుండెలో మర్మర్ ఉందన్నారు, ఎకోకి ఇంకా టైముంది: ఈలోపు ఇంట్లో ఏం చూడాలి

పిల్లల డాక్టరు స్టెత్ పెట్టి విని, "చిన్న మర్మర్ వినిపిస్తోంది, ఎకో తీయించండి" అని చీటీ రాసిస్తారు. ఎకో అంటే గుండెకు తీసే స్కానింగ్. పిల్లల గుండె డాక్టర్లు ఉండేది ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే. అపాయింట్‌మెంటు వారాల తర్వాత గానీ దొరకదు. ఈలోపు ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

మర్మర్ ఉందంటే గుండెలో రంధ్రం ఉన్నట్టే అనుకోవద్దు. రక్తం పారేటప్పుడు వచ్చే అదనపు శబ్దం అది. ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా చాలామందికి వినిపిస్తుంది. జ్వరంలో, రక్తహీనతలో ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఒకవేళ రంధ్రమే అయినా, కింది గదుల మధ్య ఉండే చిన్న రంధ్రాలు (వీఎస్‌డీ) చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి.

చీటీ రాసిన డాక్టరును తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఎన్ని రోజుల్లోగా చూపించాలండీ?" ఆ జవాబును, అనుమానం ఏమిటన్నదాన్ని చీటీ మీదే రాయించుకోండి. ఉత్త "ఎకో" అని ఉంటే కౌంటర్‌లో అందరితో పాటే తేదీ ఇస్తారు. "వారంలోగా" అని ఉంటే ముందుకు జరపమని గట్టిగా అడగొచ్చు. నెలలోపు పసిబిడ్డ అయితే వారాల తరబడి ఆగొద్దు. కడుపులో ఉన్నప్పుడు తెరిచి ఉండే డక్టస్ అనే నాళం పుట్టాక మూసుకుంటుంది. అది మూసుకున్నాకే కొన్ని గుండె జబ్బులు ఒక్కసారిగా బయటపడతాయి.

ఇక ఇంట్లో రోజూ చేయాల్సింది ఊపిరి లెక్కపెట్టడం. చాలామంది ఇక్కడే పొరపాటు పడి హడలిపోతారు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటిగా, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు. పసిపిల్లల ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగిన వెంటనే, జ్వరంలో వచ్చే అంకె ఎక్కువగానే ఉంటుంది, దాన్ని రోజువారీ లెక్కలో కలపకండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40, లేదా అంతకంటే ఎక్కువ వస్తే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి. డొక్కలు ఎగరేస్తూ, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే అంకెతో పని లేదు, వెంటనే బయల్దేరండి.

రెండోది పాలు తాగే తీరు. గుండె మీద భారం పడిన బిడ్డ నాలుగు గుక్కలు తాగి ఆగుతుంది, ఆయాసపడుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది, సగంలోనే అలసి నిద్రపోతుంది. ఫ్యాను తిరుగుతున్నా నుదుటి మీద చెమట పడుతుంది. ఒక్కో పూట అరగంట దాటుతోందా అన్నది రాసుకోండి. వారానికోసారి అంగన్‌వాడీలో, అదే తూకం మీద, బట్టలు లేకుండా బరువు చూపించండి. తొలి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. బరువు బాగా పెరుగుతోందంటే అది నిజంగా ధైర్యం చెప్పే విషయమే.

రంగు చూడాల్సింది పగటి వెలుతురులో, నాలుక మీద, చిగుళ్ల మీద. చలికి చేతులు, పాదాలు నీలంగా మారడం పసిపిల్లల్లో మామూలే. నాలుక నీలంగా ఉంటే మాత్రం ఆగేది లేదు. ఏడ్చి ఏడ్చి నల్లగా మారి ఎగఊపిరి తీస్తుంటే, రెండు మోకాళ్లనూ బిడ్డ ఛాతీకి ఆనించి పట్టుకుని, సముదాయిస్తూ 108కి ఫోన్ చేయండి. ఆడుతూ స్పృహ తప్పి పడిపోయిన పిల్లల్నీ అలాగే వెంటనే తీసుకెళ్లాలి. పెద్దవాళ్ల వేలికి పెట్టే ఆక్సీమీటరు పసివేలికి సరిగ్గా పట్టదు, అది చూపించే అంకెతో భయపడకండి, నిశ్చింతగానూ ఉండకండి.

డాక్టరు వద్దంటే తప్ప ఆటలు మాన్పించొద్దు, టీకాలు ఆపొద్దు. పసర్లు పోయించడం, చురకలు పెట్టించడం ఎవరు చెప్పినా వద్దు. గర్భంలో ఉన్నప్పుడు ఏదో తిన్నావనో, గ్రహణం చూశావనో తల్లిని అనే ఇళ్లుంటాయి. అది చాలా అన్యాయం. గుండె రూపం మొదటి ఎనిమిది వారాల్లోనే ఏర్పడుతుంది, చాలామందిలో కారణం ఏదీ తేలదు. మేనరికమైతే డాక్టరుకు దాచకుండా చెప్పండి. నింద కోసం కాదు, అది వాళ్లకు పనికొచ్చే సమాచారం.

ఖర్చు భయం ఉంటే ఎకో రోజు దాకా ఆగకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద పిల్లల గుండె ఆపరేషన్లు ఉన్నాయి. బిడ్డ పేరు కార్డులో ఎక్కకపోతే జనన ధ్రువపత్రం పట్టుకెళ్లి, ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను ముందే అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కోసం ఉంది, జిల్లాలో ఉండే దాని కేంద్రం నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. తిరుపతిలో టీటీడీ పిల్లల కోసం 2021లో పద్మావతి హృదయాలయం అనే గుండె ఆసుపత్రి తెరిచింది.

ఎకో నొప్పి లేని పరీక్ష. ఛాతీ మీద చల్లటి జెల్లీ రాసి చూస్తారు, బిడ్డ కదలకుండా ఉండాలి, అంతే. కదిలే వయసు వాళ్లకు నిద్రమందు సిరప్ ఇవ్వొచ్చు, అందుకే ఎన్ని గంటల ముందు పాలు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి. తల్లిపాలకు నాలుగు గంటలు, పోతపాలకు ఆరు అన్నది సాధారణంగా పాటించే లెక్క. బస్సులో నిద్రపోనివ్వకండి, అక్కడికెళ్లాక మందు పనిచేయక రోజంతా కూర్చోవాల్సి వస్తుంది. ఆ పొద్దున ఛాతీకి నూనె, పౌడరు రాయొద్దు, ఈసీజీ స్టిక్కర్లు అంటవు. ముందు గుండీలుండే చొక్కా వేయండి. ఊహ తెలిసిన పిల్లలకు "గుండె ఫోటో తీస్తారు" అని చెబితే చాలు. "సూది వెయ్యరు" అని మాటివ్వకండి, రక్తపరీక్ష రాయొచ్చు.

ఇద్దరూ లోపలికి వెళ్లండి. ఒకరు వినండి, ఒకరు రాయండి: జబ్బు పేరు, రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు, దానంతట అదే మూసుకునే అవకాశం ఉందా, మందులేమైనా కావాలా, మళ్లీ ఎప్పుడు రావాలి. రిపోర్టు ఫోటో అక్కడే ఫోన్‌లో తీసుకుని, అసలు కాగితాన్ని టీకాల కార్డుతో పాటు ఒకే ఫైల్లో పెట్టండి.