వానలు పడేలోపు: ఆముదం పాలీయురేథేన్‌తో జనపనార షీట్లు చేసేవారికి జాగ్రత్తలు

తేమతోనే అసలు నష్టం. ఆముదంలోనో నారలోనో మిగిలిన 1 గ్రాము నీరు సుమారు 15 గ్రాముల ఎండీఐని (ఆముదంతో కలిసి గట్టిపడి పాలీయురేథేన్ అయ్యే రసాయనం) తినేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. షీటంతా బుడగలే, ఇక బాగుచేయలేం.

నారను 100–105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో చల్లార్చండి. బయట పెడితే గంటల్లోనే మళ్లీ తేమ లాగుతుంది.

ఆముదాన్ని 80–90 డిగ్రీల్లో వాక్యూమ్ కింద (గాలి లాగేసి) తేమ పోయేదాకా ఉంచి, చల్లారాకే ఎండీఐ కలపండి.

ఆముదంలో ఎండీఐతో కలిసే భాగం ఎంతుందో చెప్పే హైడ్రాక్సిల్ విలువను ప్రతి బ్యాచ్‌కీ చూడండి. 163 ఉంటే 100 గ్రాముల ఆముదానికి 31 శాతం ఎన్‌సీఓ (ఎండీఐలో ఆముదంతో కలిసే భాగం) ఉన్న ఎండీఐ 39 గ్రాములు కావాలి. ఎండీఐ అంతకంటే తగ్గితే షీటు జిగటగానే ఉంటుంది.

గట్టిపడటాన్ని వేగం చేసే టిన్ క్యాటలిస్ట్ పెంచొద్దు, నార తడిసేలోపే రెజిన్ (ఆముదం, ఎండీఐ మిశ్రమం) గడ్డకడుతుంది.

నీళ్లు తగిలిన ఎండీఐ డబ్బాకు మూత బిగించొద్దు. గ్యాస్ ఒత్తిడికి పేలొచ్చు.