స్కేల్ ప్యాటర్న్ ఒకచోటే ఆగిపోతోందా? గిటార్ ఫ్రెట్‌బోర్డు మీద సమస్యలు - పరిష్కారాలు

గోదావరి డెల్టాలో గిటార్ పట్టిన చాలామందికి ఆ వాద్యంతో తొలి పరిచయం చర్చి గాయక బృందంలోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో కార్డ్‌లు వాయించడంతో మొదలవుతుంది. అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా ఒక స్వరాల వరుస (స్కేల్) ఫ్రెట్‌బోర్డు మీద ఎక్కడెక్కడ ఉంటుందో చూపే స్కేల్ ప్యాటర్న్‌ల దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో చూసిన చుక్కల బొమ్మలే ఎక్కువగా ఆధారమవుతాయి. ఆ బొమ్మలలో తప్పేమీ లేదు. అయితే వేళ్ళు వాటిని కంఠస్థం చేసి, చెవి మాత్రం షడ్జమం (స) ఎక్కడుందో గుర్తించకుండా ఉండిపోతే కొన్ని ఇబ్బందులు తప్పకుండా ఎదురవుతాయి. వాటిని లక్షణాన్ని బట్టి గుర్తించి, కారణం తెలుసుకొని, సరిదిద్దుకునే మార్గాలను కింద వివరిస్తున్నాను. ఆరో తీగ అంటే అన్నిటికన్నా లావైనది, ఒకటో తీగ అంటే అన్నిటికన్నా సన్ననిది. ఫ్రెట్‌లు అంటే ఫ్రెట్‌బోర్డు మీది అడ్డకడ్డీలు; వాటిని నట్ (గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి లెక్కిస్తాం. ఆరు నుంచి ఒకటి వరకు తీగలు ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలకు శ్రుతి చేసి ఉన్నాయని అనుకుందాం.

సమస్య: నట్ దగ్గర శ్రుతిలో ఉన్న ప్యాటర్న్ పై ఫ్రెట్‌లలో అపస్వరంగా వినిపిస్తోంది

ఈ లక్షణం కనిపించినప్పుడు ప్యాటర్న్‌ను అనుమానించే ముందు వాద్యాన్ని పరీక్షించాలి. 12వ ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే హార్మోనిక్ పలుకుతుంది. అదే తీగను 12వ ఫ్రెట్‌లో నొక్కి మళ్ళీ మీటండి. ట్యూనర్ రెండిటినీ ఒకే స్వరంగా చూపాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే తీగలు పాతబడి ఉండవచ్చు, లేదా అవి ఫ్రెట్‌బోర్డుకు మరీ ఎత్తుగా ఉండవచ్చు. వానాకాలంలో మన ప్రాంతపు గాలిలోని తేమను గిటార్ ముందు పలక పీల్చుకొని ఉబ్బుతుంది. దానితోపాటు బ్రిడ్జి (బాడీ మీద తీగలను బిగించే భాగం) లేచి తీగల ఎత్తు పెరుగుతుంది. ఎత్తు పెరిగిన తీగ నొక్కినప్పుడు మరింత సాగి స్వరాన్ని పైకి నెడుతుంది. అంతర్వేది వంటి తీరపు ఊళ్ళలోనైతే ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి.

ముందుగా తీగలు మార్చి చూడండి. అప్పటికీ తేడా పోకపోతే ఆరో తీగను 1వ ఫ్రెట్‌లోనూ, నెక్ బాడీతో కలిసే ఫ్రెట్‌లోనూ ఒకేసారి నొక్కి, మధ్యలో 7వ ఫ్రెట్ దగ్గర సందు ఎంత ఉందో గమనించండి. అక్కడ పలుచని అట్ట దూరేటంత సందు ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువగా కనిపిస్తే నెక్ వంగిందని అర్థం. నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను అనుభవం లేనివారు తిప్పడం మంచిది కాదు కనుక ఆ పనిని మరమ్మతు తెలిసినవారికి అప్పగించాలి. గిటార్‌ను 45 నుంచి 55 శాతం తేమలో ఉంచడం ఉత్తమం. వాయించిన తరువాత తీగలను పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన పెట్టెలో భద్రపరచడం మన వాతావరణంలో తప్పనిసరి.

సమస్య: ఒక ప్యాటర్న్ బాగా వచ్చు, కానీ అక్కడి నుంచి కదలలేకపోతున్నాను

ఎ మైనర్ పెంటాటోనిక్ (ఐదు స్వరాల స్కేల్) మొదటి ప్యాటర్న్ అందరికీ పరిచయమైనదే. ఆరో తీగ మీద 5, 8 ఫ్రెట్‌లు. ఐదు, నాలుగు, మూడు తీగల మీద 5, 7. రెండు, ఒకటి తీగల మీద 5, 8. దీనిని వేగంగా వాయించగలిగినవారు కూడా 8వ ఫ్రెట్ దాటగానే తడబడుతుంటారు. ఐదు ప్యాటర్న్‌లను ఐదు వేరువేరు బొమ్మలుగా నేర్చుకోవడమే ఇందుకు కారణం. నిజానికి ఒక ప్యాటర్న్‌కు కుడి అంచు ఏదో దాని పక్క ప్యాటర్న్‌కు ఎడమ అంచు అదే. పక్కపక్కన ఉన్న రెండు మళ్ళకు నడుమ గట్టు ఒకటే అయినట్టు. రెండో ప్యాటర్న్ ఆరో తీగ మీద 8, 10తోనూ, ఐదో తీగ మీద 7, 10తోనూ మొదలవుతుంది. ఆ 8, ఆ 7 మొదటి ప్యాటర్న్‌లో మీరు ఇదివరకే నొక్కుతున్న చోట్లే.

దీనిని సరిదిద్దడానికి అడ్డంగా (తీగ నుంచి తీగకు) కాక నిలువుగా (ఒకే తీగ పొడవునా) సాధన చేయాలి. మిగిలిన తీగలను పక్కనపెట్టి ఆరో తీగ ఒక్కదాని మీదే 5, 8, 10, 12, 15, 17 ఫ్రెట్‌లను వరుసగా మీటుతూ, నోటితో స గ మ ప ని స అని పాడండి. అకూస్టిక్ గిటార్ మీద చివరి రెండూ అందకపోతే 12 దగ్గర ఆగి వెనక్కి రండి. ఒక తీగ మీద స్వరాల మధ్య దూరం కంటికి కనబడుతుంది, చేతికి తెలుస్తుంది. అడ్డంగా వాయించేటప్పుడు ఆ దూరాన్ని తీగల మార్పు కప్పేస్తుంది. ఇది స్థిరపడిన తరువాత ఆరు, ఐదు తీగలను మాత్రమే తీసుకొని, మొదటి ప్యాటర్న్‌లో రెండు తీగలూ వాయించి, తిరిగి ఆరో తీగ 8వ ఫ్రెట్‌కు వచ్చి, అక్కడి నుంచి 10వ ఫ్రెట్‌కు వేలిని జార్చి రెండో ప్యాటర్న్‌లోకి అడుగుపెట్టండి. ఇలా రెండేసి తీగలతో నెక్ పొడవునా వెళ్ళగలిగేవరకు ఆరు తీగల పూర్తి బొమ్మ జోలికి పోవద్దు. తీగకు మూడు స్వరాల చొప్పున ఉండే ఏడు ప్యాటర్న్‌ల పద్ధతిని కొందరు మొదట్లోనే నేర్పుతున్నారు. ఐదు పెంటాటోనిక్ ప్యాటర్న్‌లు ఒకదానితో ఒకటి కలవక ముందు అది భారమే తప్ప ఉపయోగం కాదని నా గట్టి అభిప్రాయం.

సమస్య: నాలుగు తీగల వరకు సరిగ్గా వచ్చి, రెండో తీగ దగ్గర ప్రతిసారీ ఒక ఫ్రెట్ తేడా వస్తోంది

ఇది అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే సమస్య, అన్నిటికన్నా తక్కువగా వివరణ దొరికే సమస్య కూడా. దీని కారణం వేళ్ళలో లేదు, శ్రుతి చేసే పద్ధతిలో ఉంది. గిటార్‌ను చెవితో శ్రుతి చేసినవారికి ఇది వెంటనే స్ఫురిస్తుంది: ఆరో తీగ 5వ ఫ్రెట్‌తో ఐదో తీగను, ఐదో తీగ 5వ ఫ్రెట్‌తో నాలుగో తీగను, నాలుగో తీగ 5వ ఫ్రెట్‌తో మూడో తీగను కలుపుతాం; కానీ మూడో తీగ 4వ ఫ్రెట్‌తో రెండో తీగను కలిపి, మళ్ళీ రెండో తీగ 5వ ఫ్రెట్‌తో ఒకటో తీగను కలుపుతాం. మన స్వరాలలో చెప్పాలంటే మిగిలిన అన్ని జంటల మధ్య దూరం షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం వరకు ఉంటే, మూడు, రెండు తీగల మధ్య మాత్రం అంతర గాంధారం వరకే ఉంది. అందుచేత ఏ ఆకృతి అయినా మూడో తీగ నుంచి రెండో తీగకు దాటేటప్పుడు ఒక ఫ్రెట్ ముందుకు, అంటే బాడీ వైపుకు, జరగవలసిందే. ఈ ఒక్క నియమం చేతికి అందితే ప్యాటర్న్‌ల బొమ్మలలో అస్తవ్యస్తంగా కనబడే వంకరలన్నీ వివరణకు లొంగుతాయి.

దీనిని చేతికి ఎక్కించడానికి నేను సూచించే సాధన జంటతీగల శంకరాభరణం (మేజర్ స్కేల్). ఆరో తీగ 3వ ఫ్రెట్‌ను (జి స్వరం) షడ్జమంగా తీసుకొని, ఆ తీగ మీద స రి గ మ స్వరాలను 3, 5, 7, 8 ఫ్రెట్‌లలోనూ, ఐదో తీగ మీద ప ద ని స్వరాలను 5, 7, 9 ఫ్రెట్‌లలోనూ వాయించండి. ఇక్కడ చేతిని ఒకసారి జరపాలి: 3వ ఫ్రెట్‌ను చూపుడువేలితో నొక్కి, వెంటనే అదే వేలిని 5వ ఫ్రెట్‌కు తెచ్చుకొంటే మిగిలినవి సులువుగా అందుతాయి. తరువాతి స్థాయి షడ్జమం నాలుగో తీగ 5వ ఫ్రెట్‌లో ఉంది. ఆ తీగ మీద 5, 7, 9, 10, మూడో తీగ మీద 7, 9, 11 వాయిస్తే సరిగ్గా అదే ఆకృతి రెండు ఫ్రెట్‌లు జరిగినట్టు గమనిస్తారు. ఆపై షడ్జమం రెండో తీగ 8వ ఫ్రెట్‌లో ఉంటుంది: ఆ తీగ మీద 8, 10, 12, 13, ఒకటో తీగ మీద 10, 12, 14. ఈసారి జరిగింది మూడు ఫ్రెట్‌లు. ఆకృతి ఎక్కడా మారలేదు. మూడో తీగ నుంచి రెండో తీగకు దాటిన చోట మాత్రమే అదనంగా ఒక ఫ్రెట్ కదిలింది. మూడు స్థాయిలు, ఒకే ఆకృతి. రెండో తీగ మీద తడబడే విద్యార్థికి ఇంతకన్నా ఉపకరించే సాధన నాకు తెలియదు.

సమస్య: గాయకులు శ్రుతి మార్చగానే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు

ప్యాటర్న్‌ను షడ్జమంతో కాక ఫ్రెట్ సంఖ్యతో గుర్తుపెట్టుకోవడమే కారణం. హార్మోనియం వాడుకలో ఒకటో శ్రుతి అంటే సి. ఆరో తీగ మీద అది 8వ ఫ్రెట్. అక్కడి నుంచి ఒకటిన్నర 9లో, రెండు 10లో ఉంటాయి. నట్ వైపున నాలుగో శ్రుతి 1వ ఫ్రెట్‌లో, నాలుగున్నర 2లో, ఐదు 3లో, ఐదున్నర 4లో, ఆరు 5లో వస్తాయి. ఈ ఎనిమిదింటిని చెప్పగానే నొక్కగలిగేలా సాధన చేస్తే మన వేదికలపై ఎదురయ్యే శ్రుతులలో ఎక్కువ భాగానికి సిద్ధమైనట్టే. ఆరో తీగ మీద షడ్జమం దొరికితే ఒకటో తీగ మీద కూడా అదే ఫ్రెట్. నాలుగో తీగ మీద రెండు ఫ్రెట్‌లు ముందుకు. కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచే క్లిప్) పెట్టినప్పుడు దానినే నట్‌గా భావించి లెక్కించడం మరవకూడదు.

సమస్య: శ్రుతి సరిగ్గానే పట్టుకున్నాను, అయినా గాంధారం పాటకు అడ్డం వస్తోంది

పాట మేజర్‌లో ఉండగా మీరు మైనర్ పెంటాటోనిక్ ప్యాటర్న్ వేస్తున్నారు. మోహన రాగపు ఛాయ ఉన్న పాటకు శుద్ధ ధన్యాసి స్వరాలు వాయిస్తే సాధారణ గాంధారం (ఒక ఫ్రెట్ తక్కువగా ఉండే గాంధారం) వచ్చి అంతర గాంధారానికి అడ్డుపడినట్టే ఇది. పాట ఎ మేజర్‌లో ఉంటే 5వ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టవలసిన ప్యాటర్న్‌ను మూడు ఫ్రెట్‌లు వెనక్కి, అంటే 2వ ఫ్రెట్‌కు జరపండి. వేళ్ళ ఆకృతి మారదు. కానీ ఆరో తీగ మీద ఇంతవరకు చూపుడువేలి కింద ఉన్న షడ్జమం ఇప్పుడు 5వ ఫ్రెట్‌లోనే చిటికెనవేలి కిందికి వస్తుంది.

సమస్య: అన్ని ప్యాటర్న్‌లూ వచ్చాయి, కానీ వాయిస్తే వ్యాయామంలా ఉంది తప్ప సంగీతంలా లేదు

ఇక్కడ సాంకేతిక లోపం ఏదీ ఉండదు. ప్యాటర్న్‌లోని అన్ని స్వరాలకూ సమాన ప్రాధాన్యం ఇచ్చి, ఎక్కడా నిలవకుండా కిందికీ పైకీ తిరగడమే దీనికి మూలం. తంబూరా యాప్‌నో, శ్రుతిపెట్టెనో ఆన్ చేసి వాయించడం మొదటి చికిత్స. దాని పక్కన ప్రతి స్వరం షడ్జమానికి ఎంత దూరంలో ఉందో చెవికి తెలుస్తుంది. సరళీ స్వరాల తరువాత జంట స్వరాలు, దాటు స్వరాలు ఎందుకు నేర్పుతారో ఇక్కడే అర్థమవుతుంది. మోహనలో సగ, రిప, గద, పస అని దాటుకుంటూ వెళితే వేళ్ళు అలవాటైన వరుసను వదిలి, స్వరాన్ని చూసి కదలడం నేర్చుకుంటాయి.

ఆ తరువాత గ్రహభేదాన్ని, అంటే స్వరాలను అలాగే ఉంచి షడ్జమాన్ని మార్చడాన్ని, ప్రయత్నించాలి. 5వ ఫ్రెట్ దగ్గరి ఆ మొదటి ప్యాటర్న్‌లో ఉన్నవి సి, డి, ఇ, జి, ఎ అనే ఐదు స్వరాలు. శ్రుతిని సిలో ఉంచి, సి దగ్గర నిలుస్తూ వాయిస్తే మోహన స్వరాలు వినిపిస్తాయి. వేళ్ళను అక్కడే ఉంచి శ్రుతిని డికి మార్చండి, మధ్యమావతి. ఇకు మారిస్తే హిందోళం, జికి మారిస్తే శుద్ధ సావేరి, ఎకు మారిస్తే శుద్ధ ధన్యాసి. ఒకే ప్యాటర్న్ నుంచి ఐదు రాగాల స్వరాలు పుట్టడాన్ని విన్నవారికి షడ్జమం ఎంత నిర్ణయాత్మకమో మరొకరు చెప్పనక్కరలేదు. ఏడు స్వరాల మేజర్ స్కేల్ కూడా ఇలాగే శంకరాభరణం నుంచి రిషభం మీద ఖరహరప్రియగా, గాంధారం మీద తోడిగా, మధ్యమం మీద కల్యాణిగా, పంచమం మీద హరికాంభోజిగా, ధైవతం మీద నఠభైరవిగా మారుతుంది.

అయితే స్కేల్ రాగం కాదని కూడా గుర్తించాలి. రాగానికి గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం), సంచారం (స్వరాల నడక), నిలిచే స్వరం కావాలి. ఫ్రెట్‌లున్న పాశ్చాత్య వాద్యం మీద గమకం పలకదని అనుకునేవారు 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కచేరీలు వినాలి. జంటతీగల మాండలిన్‌ను పక్కనపెట్టి, ఒంటితీగలు ఐదు ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఆయన కర్ణాటక సంగీతాన్ని సంపూర్ణంగా వినిపించారు. గిటార్ మీద తొలి మెట్టుగా మూడో తీగ 7వ ఫ్రెట్‌ను నొక్కి, తీగను వంచి, రెండో తీగ 5వ ఫ్రెట్‌లో పలికే ఇ స్వరాన్ని కచ్చితంగా అందుకోవడం సాధన చేయండి. వంచినది తక్కువైందో, ఎక్కువైందో ఆ రెండో తీగే చెబుతుంది.

సమస్య: ప్యాటర్న్ మారే క్షణంలో లయ తప్పుతోంది

చూపు చేతిని అనుసరించడం వల్ల ఇలా జరుగుతుంది. చెయ్యి కదలక ముందే కన్ను చేరవలసిన ఫ్రెట్ మీద ఉండాలి, జారే వేలు తీగను పూర్తిగా వదలకూడదు, బొటనవేలు నెక్ వెనుక బిగుసుకోకుండా చేతితోపాటు రావాలి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దరువుల దగ్గర ఉంచి మొత్తం స్కేల్‌ను కాక మారే చోటును మాత్రమే, అంటే దానికి ముందు రెండు స్వరాలు, తరువాత రెండు స్వరాలు, పదేపదే వాయించండి. లయ ఒక్కసారి కూడా తప్పకుండా వచ్చిన తరువాతే 66కు పెంచండి.