ఏసీ కొనేముందు డాబా ఎక్కి స్లాబ్ సంగతి చూడండి

రాత్రి పదింటికి స్టూల్ ఎక్కి మీ గది సీలింగ్‌ని చేత్తో తాకి చూడండి. పై అంతస్తులో ఉంటే అది ఇంకా వెచ్చగానే ఉంటుంది. స్లాబ్ పగలంతా ఎండని పీల్చుకుని రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది, అందుకే ఫ్యాన్ ఎంత పెంచినా వచ్చేది వేడిగాలే. రాయలసీమ మిద్దెల మీద చవుడు మట్టి మందంగా పరిచేవాళ్ళు, ఆ మట్టి దాటి వేడి లోపలికి రావడానికి చాలా టైమ్ పట్టేది. మనం అది వదిలేసి నాలుగైదు అంగుళాల కాంక్రీటు కింద పడుకుంటున్నాం.

దీనికి అందరికీ అందుబాటులో ఉన్న పని డాబాకి తెల్ల సున్నం కొట్టడం, తెల్లటి కప్పు ఎండని చాలావరకు వెనక్కి కొడుతుంది. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో పెట్టుకోండి. ముందు డాబా ఊడ్చి, పాచి గీకి, కడగండి. పగుళ్ళుంటే సిమెంటుతో పూడ్చి ఆరనివ్వండి, ఈ పని వదిలేస్తే వానాకాలంలో కారుతుంది. సున్నం ముందు రోజు సాయంత్రమే నానబెట్టాలి. నీళ్ళలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్ళు గుమ్మరించకూడదు. రాతి సున్నమైతే బుసబుసా పొంగి మరుగుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని అటువైపు రానివ్వకండి, కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా దాన్ని ముట్టుకోకండి. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడుగుతూనే ఉండి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

పొద్దున్నే దాన్ని పల్చటి మజ్జిగలా కలిపి, గుడ్డతో వడగట్టి, సున్నంలో కలిపే జిగురు వేయండి. జిగురు లేకపోతే వేలికి తెల్లగా అంటుకుంటూ తొందరగా రాలిపోతుంది. స్లాబ్‌ని తడిపి, ఎండ ముదరకముందే మొదటి కోటు, అది ఆరాక సాయంత్రం అడ్డంగా రెండో కోటు. మందంగా ఒకేసారి పూస్తే పెచ్చులూడుతుంది, పల్చగా రెండు మూడు సార్లు కొట్టడమే మంచిది. ఇలా చేస్తే గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా రావచ్చు. వానలకి సున్నం కొట్టుకుపోతుంది, ఏడాదికోసారి మళ్ళీ వేసుకోవాలి. డబ్బు పెట్టగలిగితే ఇదే పని చేసే కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్ళు నిలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకి ఇలా ఎండని వెనక్కి కొట్టే కప్పుని తప్పనిసరి చేసింది. మంచి పనే, కానీ నా ఉద్దేశంలో ఇది అందరికంటే ఎక్కువ అవసరం అరవై గజాల్లో రేకుల కింద ఉండేవాళ్ళకి.

స్లాబ్ తర్వాత పడమటి కిటికీ. లోపల ఎంత మందం కర్టెన్ కట్టినా అప్పటికే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసినట్టే, అందుకని ఎండని బయటే ఆపాలి. కిటికీ బయట వెదురు బద్దల తెర (చిక్) గానీ షేడ్ నెట్ గానీ కట్టండి, చోటుంటే చిక్కుడు తీగ పాకించండి. వట్టివేళ్ళ తడికలు తడిపి కట్టడం కర్నూలు, ఆదిలాబాద్ లాంటి పొడి ఎండల ఊళ్ళలో బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడల్లో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఉక్క పెరుగుతుందంతే. పొద్దున తొమ్మిదిలోపు కిటికీలు మూసి, రాత్రి బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరవండి.

ఇదంతా చేశాక కూడా ఏసీ కావాలనిపిస్తే పెట్టుకోండి, తప్పేం లేదు, ఇంట్లో ముసలివాళ్ళుంటే కావాలి కూడా. 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాన్ కూడా వేసుకుంటే సరిపోతుంది.

అద్దె ఇల్లైతే ముందు ఓనర్‌కి చెప్పండి. సామాన్లు నేనే తెచ్చుకుంటాను, పగుళ్ళు కూడా నేనే పూడుస్తాను అంటే సాధారణంగా కాదనరు.