యూరప్‌లో ఆన్‌లైన్ కొనుగోలును రద్దు చేసుకునే విధానం
యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఏదైనా వ్యాపార సంస్థ నుంచి ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు నచ్చకపోతే, అది చేతికందిన నాటి నుంచి 14 రోజుల్లోగా కారణమేమీ చెప్పకుండానే కొనుగోలును రద్దు చేసుకునే హక్కును 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశం కల్పించింది. అయితే వస్తువును ఊరికే తిప్పి పంపితే సరిపోదు. రద్దు చేసుకుంటున్నట్లు స్పష్టంగా తెలియజేయాలి. గడువులోగా తెలియజేసినట్లు నిరూపించాల్సిన బాధ్యత కొనుగోలుదారుదే కనుక ఫోనులో చెప్పడం కన్నా ఈమెయిల్ పంపి, ప్రతిని దాచుకోవడం మేలు. ఆపై మరో 14 రోజుల్లో వస్తువును పంపాలి. తిరుగు రవాణా ఖర్చు సాధారణంగా మనదే అయినా, ధరతో పాటు మొదట చెల్లించిన మామూలు డెలివరీ రుసుమును సైతం (దీన్ని అడగడం మరచిపోవద్దు) విక్రేత వాపసు చేయాలి. కొలతలిచ్చి ప్రత్యేకంగా కుట్టించుకున్న దుస్తుల వంటి వాటికి ఈ హక్కు వర్తించదు. విక్రేత ఈ హక్కు గురించి తెలియజేయనే లేదంటే, గడువు మరో 12 నెలల వరకు పెరుగుతుంది.