గోమార్లకు మందు కొట్టే ముందు పాల సంగతి చూసుకోండి

కావలి, ఒంగోలు వైపు గేదెలకు గోమార్లు (రక్తం పీల్చే పురుగులు) పట్టగానే, పొలంలో కొట్టగా మిగిలిన క్లోర్‌పైరిఫాస్ డబ్బా తీసేవాళ్లు ఇంకా ఉన్నారు. అసలు వద్దు. పశువులకని రాసి ఉన్న మందే కొనండి.

డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి గోమార్ల మందులు కొవ్వులో కరుగుతాయి కాబట్టి పాలలోకి దిగితే వెన్నలో, నెయ్యిలో ఇంకా చిక్కగా చేరతాయి. కాస్తే పోతుందిలే అనుకోకండి, గోమార్లకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ కూడా అంతే, మరిగించినా పోదు. పాలిచ్చే పశువుకు ఆ ఇంజెక్షన్ వేయించే ముందు పాలిస్తోందని డాక్టరుకి చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే.

మందు కొట్టడం పాలు పితికాకే. అంతకుముందే కడుపునిండా నీళ్లు తాగించండి, లేకపోతే దాహానికి ఒళ్లు నాక్కుంటుంది. కుడితి తొట్టి, మేత, పాల క్యాన్లు పక్కకు తీసేయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు. చేతికి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ.

మోతాదు మూత లెక్కన కాదు, లేబుల్ మీద ఉన్నంతే. పాలు ఎన్ని రోజులు ఆపాలో కూడా అక్కడే ఉంటుంది, మందును బట్టి మారుతుంది. ఆ రోజుల పాలు కేంద్రానికి పోయకండి, ఇంట్లో పిల్లలకీ వద్దు. మళ్లీ పితికేటప్పుడు పొదుగు శుభ్రంగా కడిగి, తుడిచి మొదలుపెట్టండి.

కొట్టం గోడల పగుళ్లలో గోమార్లు గుడ్లు పెడతాయి, వాటిని వదిలేసి గేదెకే కొడుతుంటే మందు ఖర్చు పెరగడమే తప్ప గోమార్లు తగ్గవు.